తాళపత్రానికి కొత్త లేఖకుడు

పుదుచ్చేరి వెళ్లినవాళ్లలో అక్కడి పసుపు గోడల ముందు ఫోటో దిగకుండా తిరిగొచ్చేవాళ్లు తక్కువ. సముద్రానికి సమాంతరంగా సాగే డ్యూమా వీధిలో ఉదయపు ఎండ గోడల మీద పడే వేళకే ఫోన్లు పైకి లేస్తాయి. ఈసారి వెళ్లినప్పుడు ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. గోడకు దగ్గరగా నిలబడి, తెరంతా గోడే నిండేలా ఒక ఫోటో తీయండి. కళ్ల ముందున్న ముదురు పసుపు తెర మీద కాస్త పాలిపోయి కనిపించే అవకాశం ఎక్కువ. నాలుగడుగులు వెనక్కి వేసి, తెల్లటి కిటికీ చట్రం, కాస్త ఆకాశం కూడా వచ్చేలా మళ్లీ తీస్తే పసుపు తిరిగి చిక్కబడుతుంది. గోడ మారలేదు, ఎండా మారలేదు. మారింది కెమెరా వేసుకున్న అంచనా.

సెలవులకు వచ్చినవారికి ఆ అంచనా తప్పినా పోయేదేమీ లేదు. అదే డ్యూమా వీధిలో ఉన్న ఫ్రెంచ్ ప్రాచ్య అధ్యయన సంస్థ కేంద్రానికీ, అక్కడికి ఉత్తరంగా సెయింట్ లూయీ వీధిలో 1955లో మొదలైన ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పాండిచ్చేరికీ మాత్రం అది చిన్న విషయం కాదు. ఈ రెండు చోట్లా కలిపి సుమారు 11,000 శైవ రాతప్రతులున్నాయి. వాటిలో అత్యధికం తాళపత్రాలే. ఎక్కువ భాగం గ్రంథలిపిలో, అంటే తమిళదేశంలో సంస్కృతం రాయడానికి వాడిన లిపిలో ఉన్నాయి. 2005లో యునెస్కో ఈ సేకరణను 'ప్రపంచ జ్ఞాపకం' జాబితాలో చేర్చింది. వాటిని డిజిటల్ చిత్రాలుగా మార్చే పని ఏళ్ల తరబడి సాగుతూ వచ్చింది.

తాటాకు శాశ్వతం కాదు. చెమ్మ, ఉప్పుగాలి, పురుగు దాన్ని తినేస్తాయి. నిమ్మగడ్డి నూనె రాసి, బట్టలో చుట్టి ఎంత జాగ్రత్త చేసినా ఆకుకు ఒక ఆయుష్షు ఉంది. అందుకే మన పెద్దలు పాత ఆకు ముక్కలు కాకముందే దాన్ని చూసి కొత్త ఆకు మీద గంటంతో ఎక్కించేవారు. ఇవాళ మనకు దొరికే తాళపత్రం చాలావరకు ఒక ప్రతికి ప్రతి, దానికి మళ్లీ ప్రతి. ప్రతి ఎక్కినప్పుడల్లా తప్పులూ ఎక్కుతాయి. లేఖకుడి కన్ను ఒక పంక్తి దాటేస్తుంది. చెరిగిన చోట అతను తనకు తోచిన అక్షరం పెడతాడు. మన లిపిలో ప, ఫ, ష అక్షరాల మూలరూపం దాదాపు ఒకటే, తేడా ఒక చిన్న గీత. ఆ గీత కనబడకపోతే మాట మారిపోతుంది. పందొమ్మిదో శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితులను కూర్చోబెట్టి ఒకే కావ్యానికి పలు ప్రతులు సేకరించి పోల్చి చూపించింది ఇందుకే. ఇన్‌స్టిట్యూట్‌లో ఆగమ గ్రంథాలను పరిష్కరించే పండితుల పని కూడా అదే: ఏది గ్రంథకర్త మాట, ఏది లేఖకుడి ఊహ అని తేల్చడం.

ఇప్పుడు ప్రతి ఎక్కించే పని కెమెరాకు వచ్చింది. ఆకు పోయాక మిగిలేది ఆ చిత్రమే కాబట్టి ఈ కొత్త లేఖకుడు ఎక్కడ చూసి రాస్తాడు, ఎక్కడ ఊహించి రాస్తాడు అన్నది తెలుసుకోదగిన సంగతి. సమాధానం కాస్త కంగారు పెట్టేదే. మామూలు డిజిటల్ కెమెరా తీసిన రంగు చిత్రంలో మూడింట రెండు వంతుల సంఖ్యలు కొలిచినవి కావు, లెక్కగట్టినవి.

వెలుగుకు లెక్క ఉంది, రంగుకు లేదు

సెన్సర్ అంటే సిలికాన్ పలక మీద కోట్ల సంఖ్యలో వరుసలుగా అమర్చిన కాంతి గ్రాహకాలు. వాటినే పిక్సెళ్లు అంటున్నాం. వానాకాలంలో చూరు కింద వరుసగా గిన్నెలు పెట్టి, వాన వెలిశాక ఏ గిన్నెలో ఎంత నీరు చేరిందో కొలిచినట్టు ఉంటుంది దాని పని. ఇక్కడ వాన చుక్క ఫోటాన్, గిన్నెలో చేరేది ఎలక్ట్రాన్. ఫోటాన్ సిలికాన్‌ను తాకి, దానిలోని ఒక ఎలక్ట్రాన్‌ను బంధం నుంచి విడిపిస్తుంది. షట్టర్ మూసుకున్నాక ఒక్కో పిక్సెల్‌లో ఎన్ని ఎలక్ట్రాన్లు పోగయ్యాయో సర్క్యూట్ చదివి సంఖ్యగా మారుస్తుంది.

సిలికాన్‌లో ఎలక్ట్రాన్‌ను విడిపించడానికి సుమారు 1.1 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి చాలు. 650 నానోమీటర్ల ఎర్రని ఫోటాన్ దగ్గర సుమారు 1.9 ఉంది. 450 నానోమీటర్ల నీలి ఫోటాన్ దగ్గర దాదాపు 2.8 ఉంది. రెండూ దాటేవే. కానీ నీలి ఫోటాన్ దగ్గర శక్తి ఎక్కువ ఉన్నంత మాత్రాన రెండు ఎలక్ట్రాన్లు రావు. ఒక్కటే వస్తుంది, మిగిలిన శక్తి వేడిగా పోతుంది. గిన్నెలో చేరిన ఎలక్ట్రాన్ మీద 'నన్ను నీలి కాంతి పంపింది' అని ఏ ముద్రా ఉండదు. అంటే సెన్సర్ పుట్టుకతోనే వర్ణాంధి. వెలుగు ఎంత అన్నదే చెబుతుంది, ఏ రంగు అన్నది చెప్పలేదు.

1969లో బెల్ ల్యాబ్స్‌లో విల్లార్డ్ బాయిల్, జార్జ్ స్మిత్ రూపొందించిన సీసీడీకీ (దీనికే వారికి 2009లో నోబెల్ వచ్చింది), ఆ తర్వాత ఎరిక్ ఫోసమ్ బృందం నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబొరేటరీలో 1990ల్లో అభివృద్ధి చేసిన సీమాస్ సెన్సర్‌కూ ఈ విషయంలో తేడా లేదు. ఎలక్ట్రాన్లను బయటికి చేరవేసే పద్ధతిలోనే తేడా. 1975లో కోడాక్ ఇంజనీర్ స్టీవెన్ సాసన్ తయారుచేసిన తొలి డిజిటల్ కెమెరాలో 100 వరుసలు, వరుసకు 100 పిక్సెళ్లు ఉండేవి. ఒక్క చిత్రం క్యాసెట్ టేపు మీదికి ఎక్కడానికి 23 సెకన్లు పట్టేది. ఆ చిత్రాలు నలుపు తెలుపువే.

వాకిట్లో చుక్కలు

రంగును పట్టే ఉపాయం అదే రోచెస్టర్ నగరంలో, అదే కోడాక్ సంస్థలో అప్పటికే కాగితం మీదికి వచ్చింది. బ్రైస్ బేయర్ అనే శాస్త్రవేత్త 1975 మార్చిలో పేటెంటుకు దరఖాస్తు చేశాడు, 1976 జులైలో అది మంజూరైంది. ఆయన చేసింది వినడానికి చాలా తేలిక. ఒక్కో పిక్సెల్ నెత్తిన ఒక్కో రంగు గాజులాంటి పొర కప్పాడు. ఒక వరుసలో ఎరుపు, ఆకుపచ్చ, ఎరుపు, ఆకుపచ్చ. కింది వరుసలో ఆకుపచ్చ, నీలం, ఆకుపచ్చ, నీలం. ఎరుపు పొర కింది పిక్సెల్‌కు ఎర్ర కాంతే చేరుతుంది కాబట్టి దాని లెక్క ఎరుపు లెక్క.

ఆకుపచ్చకు రెండు వాటాలు ఎందుకంటే మన కన్ను అలా ఉంది కనుక. పగటి వెలుగులో మనిషి కంటికి అత్యంత ప్రకాశంగా తోచేది 555 నానోమీటర్ల ప్రాంతపు పచ్చని కాంతి. గీతలు, అంచులు, అక్షరాల ఆకారం వంటి సూక్ష్మ వివరాలను మెదడు ఎక్కువగా ప్రకాశపు తేడాల నుంచే పట్టుకుంటుంది, రంగు తేడాల నుంచి కాదు. అందుకే బేయర్ సగం పిక్సెళ్లను ప్రకాశానికి కేటాయించి, మిగిలిన సగాన్ని ఎరుపు, నీలాలకు పంచాడు. ఫోన్ల నుంచి స్టూడియో కెమెరాల దాకా ఇప్పటికీ రాజ్యమేలుతున్నది ఈ అమరిక, దాని పిల్లలూ. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయల్దేరిన మంగళయాన్‌లోని రంగుల కెమెరా కూడా 2048 వరుసల బేయర్ సెన్సరే. ఎర్ర గ్రహాన్ని చూడడానికి వెళ్లిన కెమెరాలో ఎరుపును చూసే పిక్సెళ్లు నాలుగో వంతే అన్నమాట.

24 మెగాపిక్సెళ్ల కెమెరా తీసుకుందాం. అందులో 1.2 కోట్ల పిక్సెళ్లు ఆకుపచ్చను, 60 లక్షలు ఎరుపును, 60 లక్షలు నీలాన్ని కొలుస్తాయి. మొత్తం 2.4 కోట్ల కొలతలు. కానీ తెర మీద కనిపించే చిత్రంలో ప్రతి చుక్కకూ మూడు రంగుల విలువలూ కావాలి, అంటే 7.2 కోట్ల సంఖ్యలు. మిగతా 4.8 కోట్లు ఎక్కడివి? పక్క పిక్సెళ్లను చూసి సాఫ్ట్‌వేర్ పూరించినవి.

పుదుచ్చేరి తమిళ వీధుల్లోనైనా, యానాం వాకిళ్లలోనైనా తెల్లవారకముందే చుక్కల ముగ్గు పడుతుంది. ముందు చుక్కలు, తర్వాత వాటిని కలుపుతూ గీతలు. చుక్కలు మాత్రమే చూసి ముగ్గు ఏదో చెప్పమంటే అలవాటున్న చేయి చాలావరకు సరిగ్గానే గీస్తుంది. కెమెరాలోని సాఫ్ట్‌వేర్ చేసేదీ అదే. ఎరుపు పిక్సెల్ దగ్గర ఆకుపచ్చ ఎంతో తెలియాలంటే చుట్టూ ఉన్న నాలుగు ఆకుపచ్చల సగటు తీయడం అన్నిటికన్నా మోటు పద్ధతి. మెరుగైన పద్ధతులు ముందుగా అక్కడ అంచు ఏ దిశలో పోతోందో చూసి, ఆ దిశలోనే పూరిస్తాయి. పసుపు గోడ మీద, ఆకాశం మీద, మొహం మీద ఈ ఊహ దాదాపు తప్పదు. పక్కపక్కన ఉన్న బిందువుల రంగు ఒకేలా ఉంటుంది కాబట్టి. బేయర్ పద్ధతి యాభై ఏళ్లుగా నిలబడిందంటే కారణం లోకం చాలావరకు నునుపుగా ఉండడమే.

తాళపత్రం నునుపుగా ఉండదు. 40 సెంటీమీటర్ల ఆకును 6,000 పిక్సెళ్ల వెడల్పున్న కెమెరాతో ఒకే చిత్రంగా తీశామనుకుందాం. మిల్లీమీటరుకు 15 పిక్సెళ్లు వస్తాయి. గంటం గీసిన గాటు వెడల్పు మిల్లీమీటరులో పదో వంతు ఉంటే, అది సెన్సర్ మీద ఒకటిన్నర పిక్సెల్. ఎరుపు పిక్సెళ్లు రెండేసి అడుగులకు ఒకటి ఉన్నాయి, నీలమూ అంతే. సన్నని గీత రెండు ఎరుపు చుక్కల మధ్య సందులోంచి వాటికి తగలకుండా జారిపోవచ్చు. అప్పుడు 'ఇక్కడ ఆకుపచ్చ తగ్గింది, ఎరుపు తగ్గలేదు' అని సాఫ్ట్‌వేర్ తేల్చుకుని, నల్లని గీత అంచున లేని ఎర్రటి ఛాయ పెడుతుంది. గుండ్రని అక్షరం మెలిక తిరిగే చోట, వత్తు అంటుకున్న చోట అంచు దిశను తప్పుగా ఎంచుకుంటే గీత తెగినట్టో, లేని చోట కలిసినట్టో కనిపిస్తుంది. లేఖక దోషమంటే ఇదే కదా! కాకపోతే ఈ లేఖకుడి చేతిరాత నిలకడగా, నిండు నమ్మకంగా ఉంటుంది. తడబడిన చోటు కూడా శుభ్రంగానే కనిపిస్తుంది.

ఆకుల పోగు మీద సన్నని సమాంతర పీచు గీతలుంటాయి. ఆ గీతల దూరమూ పిక్సెళ్ల దూరమూ దగ్గరగా వస్తే రెండు దోమతెరలు ఒకదాని మీద ఒకటి వేసినప్పుడు కనిపించే అలల్లాంటి చారలు పుడతాయి. టీవీలో సన్నగీతల చొక్కా వేసుకున్న వ్యక్తి మీద రంగులు మెలికలు తిరగడం చూసే ఉంటారు. దీన్ని తగ్గించడానికి చాలా కెమెరాల్లో సెన్సర్ ముందు చిత్రాన్ని పిసరంత మసకబార్చే పలక పెడతారు. అది చారలను తగ్గిస్తుంది, గంటం గీతనూ మెత్తబరుస్తుంది. గత పదిహేనేళ్లలో చాలా కెమెరాలు ఆ పలకను తీసేశాయి. రెంటిలో ఏది మేలన్నది తీసేది పెళ్లా, తాళపత్రమా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

రంగు చుక్కలు పరిచే ఆలోచన బేయర్‌తో మొదలైంది కూడా కాదు. 1907లో, పుదుచ్చేరి ఇంకా ఫ్రెంచి పాలనలో ఉన్న రోజుల్లో, ఫ్రాన్స్‌లో ల్యూమియేర్ సోదరులు ఆటోక్రోమ్ పలకలను అమ్మకానికి తెచ్చారు. బంగాళాదుంప పిండి రేణువులకు నారింజ, ఆకుపచ్చ, ఊదా రంగులు అద్ది, కలిపి, గాజు పలక మీద చల్లేవారు. ఒక్కో రేణువు మిల్లీమీటరులో వందో వంతు ప్రాంతం. రేణువులు వరుస లేకుండా చెల్లాచెదురుగా పడేవి కాబట్టి ఆ పలకల మీద అలల చారలు రావు. వరుస తప్పితే చారలు తగ్గుతాయన్న ఈ సంగతినే ఫుజీఫిల్మ్ 2012లో తన ఎక్స్‌ట్రాన్స్ సెన్సర్‌లో మళ్లీ వాడుకుంది.

ఏది తెలుపు?

డ్యూమా వీధి గోడ దగ్గరికి మళ్లీ వెళ్దాం. సెన్సర్ ఇచ్చిన మూడు సంఖ్యలు వస్తువు రంగువి కావు, వస్తువు మీద పడిన వెలుగూ వస్తువూ కలిసినవి. అదే తెల్ల కాగితం పాతకాలపు బల్బు కింద పసుపుగా, నీడలో నీలంగా ఉంటుంది. మన మెదడు దాన్ని సర్దుకుని రెండు చోట్లా తెల్లగానే చూపిస్తుంది. కెమెరాకు ఆ తెలివి సాఫ్ట్‌వేర్ రూపంలో నేర్పాలి. అందులో అతి పాత పాఠం ఒకటుంది: దృశ్యంలోని రంగులన్నీ కలిపి సగటు తీస్తే బూడిద రంగు రావాలి, రాకపోతే తప్పు వెలుగుది. ఇప్పటి ఫోన్లు ఇంతకన్నా చాలా తెలివైనవే, అయినా ఆ ఆలోచన నీడ ఇంకా పోలేదు. ఫ్రేము నిండా పసుపు గోడే ఉంటే 'వెలుగు పసుపుగా ఉంది' అనుకుని కెమెరా పసుపును తగ్గిస్తుంది. కిటికీ చట్రం కనబడగానే దానికి తెలుపు దొరుకుతుంది.

తాళపత్రం ఫోటోలో ఫ్రేము నిండా ఉండేది ఏమిటి? గోధుమ రంగు. గోడతో జరిగిందే ఆకుతోనూ జరుగుతుంది. కట్టలో ముదిరిన ఆకు ఒకలా, లేత ఆకు ఒకలా ఉంటే కెమెరా ఒక్కోదాన్ని ఒక్కోలా సర్ది రెంటినీ ఒకే ఛాయలోకి తెచ్చేయగలదు. నల్లని సిరాకు, గోధుమ ఆకుకు రంగెందుకు, అక్షరం కనిపిస్తే చాలదా అనవచ్చు. చాలదు. అది సిరా మరకా, బూజు మచ్చా, చెమ్మ వల్ల నల్లబడిన భాగమా అన్నది రంగే చెబుతుంది. ఒకే కట్టలో తర్వాతి కాలంలో చేర్చిన ఆకులను పట్టించేది కూడా చాలాసార్లు రంగే. పదేళ్ల తర్వాత మళ్లీ తీసి, ఆకు ఎంత నల్లబడిందో పోల్చాలంటే రెండు చిత్రాల రంగూ నమ్మదగినదై ఉండాలి.

అందుకే ఇలాంటి పనిలో ఆకు పక్కన రంగుల పట్టీ ఒకటి పెడతారు. 24 గళ్ల ఆ పట్టీ 1976లో వచ్చింది, బేయర్ పేటెంటు మంజూరైన ఏడాదే. ఒక్కో గడి నుంచి ఏ తరంగదైర్ఘ్యపు కాంతి ఎంత తిరిగి వస్తుందో ముందే కొలిచి ఉంటుంది. చిత్రంలో ఆ గళ్లు ఎలా పడ్డాయో చూసి, ఎంత సర్దాలో తెలుసుకుంటారు. ఊహకు బదులు కొలబద్ద అన్నమాట. దానికీ హద్దుంది. సెన్సర్ మీది రంగు పొరలు మన కంటిలోని శంకు కణాల్లా కాంతిని పంచుకోవు. కంటికి ఒకేలా ఉన్న రెండు గోధుమ రంగులు కెమెరాకు వేరుగా, కంటికి వేరుగా ఉన్నవి కెమెరాకు ఒకేలా కనిపించే సందర్భాలుంటాయి. పట్టీ దాన్ని తగ్గిస్తుందే గాని పూర్తిగా పోగొట్టలేదు.

గోధుమ రంగుతో ఇంకో చిక్కు. అది నీలాన్ని చాలా కొద్దిగానే తిప్పి పంపుతుంది. ఫోటాన్లు వానచుక్కల్లాగే లెక్క తప్పి పడతాయి. 10,000 పడాల్సిన చోట అటూ ఇటూ 100 తేడా, అంటే ఒక శాతం. 100 పడాల్సిన చోట అటూ ఇటూ 10, అంటే పది శాతం. ఫ్రేములో నాలుగో వంతే ఉన్న నీలి పిక్సెళ్లకు వెలుగూ తక్కువే అందితే, పక్కవాళ్లను చూసి పూరించే ఆ నీలం గరుకుగా తేలుతుంది.

వద్దని వదిలేసిన వెలుగు

టీవీ రిమోట్‌ను ఫోన్ ముందు కెమెరా వైపు తిప్పి ఏదైనా బటన్ నొక్కండి. చాలా ఫోన్లలో రిమోట్ మొనలోని చిన్న బల్బు ఊదాగా మెరవడం తెర మీద కనిపిస్తుంది. నేరుగా చూస్తే మాత్రం ఏమీ ఉండదు. సిలికాన్ మన కంటికి కనబడని సమీప పరారుణాన్ని సుమారు 1,100 నానోమీటర్ల దాకా చూడగలదు. రిమోట్ వాడేది ఆ పరిధిలోని వెలుగే. మామూలు ఫోటోల్లో ఈ అదనపు చూపు రంగులను చెడగొడుతుంది. అందుకని కెమెరా తయారీదారులు సెన్సర్ ముందు పరారుణాన్ని ఆపే లేత నీలి గాజు పెడతారు. ముందు కెమెరాల్లో అది కాస్త పలుచన, అందుకే రిమోట్ గుట్టు బయటపడుతుంది.

తాళపత్రానికి మాత్రం ఆ ఆపేసిన వెలుగే కావాలి. అక్షరాల గాట్లలో నింపేది దీపపు మసి, అంటే కార్బన్. అది కంటికి నలుపు, పరారుణంలోనూ నలుపే. వయసుతో నల్లబడిన ఆకు సంగతి వేరు. దాని గోధుమ రంగుకు కారణమైన పదార్థాలు నీలాన్నీ ఆకుపచ్చనూ మింగుతాయి గాని పరారుణాన్ని అంతగా మింగవు. కంటికి నల్లటి ఆకు మీద నల్లటి అక్షరంగా కలిసిపోయినది పరారుణంలో లేత ఆకు మీద నల్లటి అక్షరంగా తేలుతుంది.

అమెరికాలోని రోచెస్టర్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీకి చెందిన పి.ఆర్. ముకుంద్, రోజర్ ఈస్టన్ 2006 ప్రాంతంలో దీన్ని మన దేశంలోనే చేసి చూపారు. మధ్వాచార్యుల సర్వమూల గ్రంథం తాళపత్ర ప్రతిని శాస్త్రీయ డిజిటల్ కెమెరా, పరారుణ ఫిల్టర్లతో తీసి, చదవడానికి వీల్లేకుండా ఉన్న అక్షరాలకు తేటదనం తెచ్చారు. ఈస్టన్ అంతకుముందు ఆర్కిమెడీస్ రాతలను దాచుకున్న తోలు పుస్తకం మీద పనిచేసినవారు. కోడాక్ పుట్టిన ఊరు, బేయర్ పనిచేసిన ఊరు కూడా రోచెస్టరే కావడం యాదృచ్ఛికం కాదు. చిత్ర విజ్ఞానానికి ఆ ఊరు ఒక గురుకులం.

మసి రుద్దని ఆకులు, మసి రాలిపోయిన ఆకులు కూడా ఉంటాయి. వాటిలో గాటు ఉంది, రంగు లేదు. పరారుణమూ అక్కడ పెద్దగా చేసేదేమీ లేదు. దీపాన్ని ఆకు పక్క నుంచి, దాదాపు నేలబారుగా పడేలా పెడితే గాటు అంచు నీడ వేస్తుంది. సాయంత్రపు ఎండలో పొలం చాళ్లు కనిపించినట్టు అక్షరాలు లేస్తాయి. లక్షల రూపాయల సెన్సర్ చేయలేనిది ఒక్కోసారి దీపం కోణం చేస్తుంది.

ఊహ అక్కర్లేని దారులు

తాళపత్రానికి ఒక గొప్ప గుణం ఉంది: కదలదు. పెళ్లికూతురిని ఆగమనలేం గాని ఆకును ఆపవచ్చు. దాన్ని వాడుకుంటే బేయర్ ఊహనే తప్పించవచ్చు. కెమెరా సెన్సర్‌ను సరిగ్గా ఒక పిక్సెల్ పక్కకు, ఒక పిక్సెల్ కిందకు జరుపుతూ నాలుగు చిత్రాలు తీస్తే, ఆకు మీది ప్రతి బిందువునూ ఎరుపు పిక్సెల్ ఒకసారి, నీలం ఒకసారి, ఆకుపచ్చ రెండుసార్లు చూస్తాయి. పూరించాల్సింది ఏమీ మిగలదు. ఖరీదైన స్టూడియో కెమెరాలకే పరిమితమైన ఈ సదుపాయం పెంటాక్స్ కె3-2లో 2015లో, సోనీ ఆల్ఫా 7ఆర్-3లో 2017లో వచ్చింది. పిక్సెల్ వెడల్పు నాలుగు మైక్రాన్ల ప్రాంతం. అంటే వెంట్రుక మందంలో పదిహేనో వంతుకన్నా తక్కువ దూరం సెన్సర్ కచ్చితంగా జరగాలి. ఆ లోపల బయట ఆటో వెళ్లి బల్ల అదిరితే చిత్రం పోయినట్టే.

ఇంకా పాత దారి కూడా ఉంది. రంగు పొరలే లేని సెన్సర్ పెట్టి, ఎరుపు, ఆకుపచ్చ, నీలి దీపాలను ఒకదాని తర్వాత ఒకటి వెలిగించి మూడు చిత్రాలు తీయడం. 1861లో లండన్‌లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ గళ్ల రిబ్బను చిత్రాన్ని మూడు రంగుల గాజుల గుండా తీయించి తెర మీద కలిపి చూపించింది ఈ పద్ధతే. నేటి బహుళ వర్ణ చిత్రణలో మూడుకు బదులు పది పన్నెండు ఎల్‌ఈడీలు, అతినీల లోహితం నుంచి పరారుణం దాకా, వరుసగా వెలుగుతాయి. సిలికాన్ లోతుతోనే రంగు పట్టే ఫోవియాన్ సెన్సర్ మరో దారి. నీలి కాంతి సిలికాన్ పైపొరలోనే ఆగిపోతుంది, ఎరుపు లోపలికి దిగుతుంది కాబట్టి మూడు అంతస్తుల్లో మూడు లెక్కలు తీస్తుంది. 2002లో సిగ్మా కెమెరాలో వచ్చింది. అంతస్తుల మధ్య రంగులు కలగలిసిపోవడం, వాటిని విడదీసే లెక్కలో గరుకు పెరగడం వల్ల అది పక్కనే ఉండిపోయింది.

ఫోన్లు దీనికి పూర్తిగా ఎదురు దిశలో వెళ్తున్నాయి. 200 మెగాపిక్సెళ్ల ఫోన్ సెన్సర్‌లో ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.6 మైక్రాన్ల ప్రాంతం, ఎర్ర కాంతి తరంగదైర్ఘ్యం కన్నా చిన్నది. ఒంటరిగా అంత చిన్న గిన్నెలో పడే చుక్కలెన్ని? అందుకే ఒకే రంగు పొర కింద నాలుగేసి, పదహారేసి పిక్సెళ్లను గుంపు కట్టి, పలు చిత్రాలను ఒకటిగా కలిపి, పైన కృత్రిమ మేధతో మెరుగులు దిద్దుతారు. బేయర్ ఊహ పక్క పిక్సెళ్లను చూసి చేసేది. కృత్రిమ మేధ ఊహ లక్షలాది ఇతర ఫోటోలను చూసి నేర్చుకున్నది. ఆ ఫోటోల్లో గ్రంథలిపి ఎంత ఉంటుంది? మసకగా ఉన్న అక్షరాన్ని అది తనకు తెలిసిన ఆకారంలోకి సాఫీ చేయగలదు. పాత లేఖకుడికి కనీసం భాష తెలుసు.

అటక మీద తాతల నాటి తాళపత్రాల కట్ట దొరికి, ఫోన్‌తోనే తీయాల్సి వస్తే కొన్ని జాగ్రత్తలు పనికొస్తాయి. ముందుగా, ఆకు మీద నూనె, మసి, పౌడరు ఏదీ రుద్దవద్దు. ఆకు పక్కన తెల్ల కాగితమో, బూడిద రంగు అట్టో, ఒక స్కేలో ఉంచి తీస్తే రంగుకూ కొలతకూ ఆధారం ఉంటుంది. పొడవాటి ఆకును ఒకే ఫ్రేములో ఇరికించే కన్నా మూడు ముక్కలుగా దగ్గరి నుంచి తీయడం మేలు, గంటం గీతకు దక్కే పిక్సెళ్లు మూడింతలవుతాయి. నేరుగా పైనుంచి ఒకసారి, పక్క వెలుగుతో ఒకసారి తీయాలి. అందంగా మార్చే సదుపాయాలన్నీ ఆపాలి. ఫోన్‌లో 'రా' అనే ఎంపిక ఉంటే దాన్ని వాడాలి.

ఆ చివరి మాట పుదుచ్చేరి సేకరణల స్థాయిలోనూ పెద్ద ప్రశ్నే. రా ఫైలులో ఉండేది ఇంకా చిత్రం కాదు, చుక్కలు మాత్రమే: ఒక్కో పిక్సెల్ తన ఒక్క రంగులో కొలిచిన సంఖ్య, తెలుపు ఏదో తేల్చకముందు, ముగ్గు కలపకముందు. పదేళ్ల కిందటి రా ఫైలును ఇవాళ్టి సాఫ్ట్‌వేర్‌తో తెరిస్తే అప్పటికన్నా తేటగా గీతలు వస్తాయి, ఎందుకంటే పూరించే పద్ధతులు మెరుగయ్యాయి. జేపెగ్‌లో ఆ అవకాశం లేదు. అందులో ఊహ, కొలత విడదీయరానంతగా కలిసిపోయి ఉంటాయి.

లెక్క వేస్తే, 24 మెగాపిక్సెళ్ల రా చిత్రం కుదించకుండా దాదాపు 42 మెగాబైట్లు. 200 ఆకుల కట్టను రెండు వైపులా, ఆకుకు వైపుకొక చిత్రం చొప్పున తీస్తే సుమారు 17 గిగాబైట్లు. అలాంటి కట్టలు 11,000 ఉన్నాయనుకుంటే 185 టెరాబైట్ల పైమాట. పిక్సెల్ జరిపే పద్ధతిలో అయితే దానికి నాలుగు రెట్లు. హార్డ్ డిస్కులకూ ఆయుష్షు ఉంది, తాటాకుకన్నా చాలా తక్కువ. కొన్నేళ్లకోసారి పాత డిస్కు నుంచి కొత్త డిస్కుకు ప్రతి ఎక్కించాలి.